జూన్‌కు ముందే చేరాల్సిన సాయం



ఎవరి పేరిట నెలకొల్పిన ధర్మనిధి తరఫున ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు ఎయిడెడ్ హైస్కూల్లో ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. ఫీజు కట్టలేని పిల్లల కోసం బడిలో చిన్న నిధి ఒకటి నడిపేవారు. దాని ఖాతా పుస్తకం ఆయన బల్ల సొరుగులోనే ఉండేది. ఏ పిల్లవాడికి ఎంత ఇచ్చారో బడి గుమాస్తాకు సైతం తెలియనిచ్చేవారు కాదు. బడి తెరిచే రోజుకల్లా రసీదు పిల్లవాడి చేతిలో ఉండాలన్నది ఆయన పట్టుదల. అందుకే ఇవాళ ప్రైవేటు బడి గురించి ఆలోచిస్తున్న కుటుంబాలకు ఏ సాయం ఉంది, అది ఎలా నడుస్తోంది అన్న విషయాన్ని ఎంచుకున్నాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. మన రెండు రాష్ట్రాల్లో ఈ సాయానికి చట్టం ఉంది, పథకాలు ఉన్నాయి, డబ్బూ ఎంతో కొంత ఉంది. అయితే ఆ డబ్బు ఏ నెలలో వస్తుంది, ఎవరి చేతికి వస్తుంది, రాకపోతే ఆ భారం ఎవరి మీద పడుతుంది అన్న మూడు ప్రశ్నలను ఎవరూ సరిగా పట్టించుకోలేదు. ఫలితంగా ప్రభుత్వం పడిన బకాయికి తరగతి గదిలో లేచి నిలబడాల్సింది పిల్లవాడవుతున్నాడు.

పాత దారులు

చదువుకు పరుల సాయం మనకు కొత్త కాదు. వారాలు చెప్పుకొని, రోజుకో ఇంట్లో భోంచేసి చదువుకున్న తరాలు మన కళ్ళముందే గడిచిపోయాయి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. మూడు రూపాయల పరీక్ష ఫీజు కోసం ఆమె పట్టుచీర తాకట్టు పెట్టాల్సివచ్చిందన్న సంగతి చాలామందికి తెలిసిందే. ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు చేయందించి వెంట తీసుకువెళ్ళకపోతే ఆ చదువు ఎక్కడ ఆగేదో చెప్పలేం. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్నకాలంలో పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూరు విరాళాలతో ఎందరో పేద విద్యార్థులు చదువుకున్నారు. ఇవన్నీ దాత మనసును బట్టి, గురువు చొరవను బట్టి దొరికిన సాయాలు. దొరికినవారికి బతుకు మారింది. దొరకనివారి పేర్లు ఏ స్వీయచరిత్రలోనూ లేవు.

రెండో దారి గ్రాంటు. 1854 నాటి ఉడ్ తాఖీదుతో ప్రైవేటు బడులకు సర్కారు సొమ్ము ఇచ్చే పద్ధతి మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత అదే ఎయిడెడ్ వ్యవస్థగా స్థిరపడింది. యాజమాన్యం ప్రైవేటుది, ఉపాధ్యాయుల జీతం ప్రభుత్వానిది, కుటుంబం కట్టేది నామమాత్రం. ఏ కుటుంబమూ దరఖాస్తు పెట్టుకోనక్కర్లేకుండా అందరికీ అందిన సాయం ఇదొక్కటే. కానీ ఆ బడుల్లో ఖాళీ అయిన పోస్టులు నింపకుండా ఏళ్ళ తరబడి వదిలేశాం. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ సిబ్బందిని, ఆస్తులను ప్రభుత్వానికి అప్పగించే ఉత్తర్వులు వచ్చినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కితేగాని అలాంటి బడులు ఇంకా ఉన్నాయన్న సంగతే చాలామందికి గుర్తు రాలేదు.

ఇప్పుడు మనం మూడో దారిలో ఉన్నాం. సాయాన్ని బడికి కాకుండా బిడ్డకు, లేదా తల్లికి ఇచ్చే దారి ఇది.

పాతిక శాతం సీట్ల కథ

ఈ దారికి పునాది ఒక తెలుగు కేసు. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అన్న ఆ వ్యాజ్యం వృత్తి కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల గురించి మొదలైంది. 1993లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ వయసు వరకు చదువు ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. 2002లో 86వ సవరణతో అది రాజ్యాంగంలో 21-ఎ అధికరణం అయింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఆ చట్టంలో 12(1)(సి) సెక్షన్ మన కుటుంబాలకు కావలసింది. ఎయిడ్ తీసుకోని ప్రైవేటు బడి కూడా ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల ఉండే బలహీన, అననుకూల వర్గాల పిల్లలకు ఇచ్చి, ఎలిమెంటరీ విద్య ముగిసేదాకా ఉచితంగా చదివించాలి. బడికి అయిన ఖర్చును ప్రభుత్వం తిరిగి చెల్లించాలి. ఎంత? సర్కారు బడిలో ఒక్కో బిడ్డపై పెట్టే ఖర్చు, లేదా ఆ బడి వసూలుచేసే ఫీజు, వీటిలో ఏది తక్కువైతే అది. చవకగా స్థలం పుచ్చుకొని, దానికి బదులుగా కొంతమందికి ఉచిత విద్య ఇస్తామని ముందే ఒప్పుకున్న బడికి ఆ మేరకు చెల్లింపు ఉండదు. చేర్చుకునేటప్పుడు పిల్లవాడికిగాని తల్లిదండ్రులకుగాని పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా.

ప్రైవేటు యాజమాన్యాలు ఈ సెక్షన్ చెల్లదని కోర్టుకెక్కాయి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా దాన్ని నిలబెట్టింది. 2014లో ప్రమతి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థలను ఈ చట్టం నుంచి పూర్తిగా మినహాయించింది. అందుకే మీ వీధి చివరి బడి మైనారిటీ సంస్థ అయితే అక్కడ ఈ సీటు అడగలేరు. దరఖాస్తు రాసేముందు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే నియమాలు వచ్చాయి. అనాథలు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకు కలిపి 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా బలహీన వర్గాలకు 6 శాతం అని పంపకం కూడా జరిగింది. ఆ కాగితం మాత్రం పదేళ్ళకు పైగా కాగితంగానే ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్లకు లాటరీలు మొదలయ్యేసరికి 2020 దాటింది. తెలంగాణలో హైకోర్టులో వ్యాజ్యాలు నడిచినా ఏటికేడు వాయిదానే సాగింది. 2010లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లవాడు ఈపాటికి డిగ్రీ చదివే వయసుకు వచ్చాడు.

ప్లాస్టిక్ కవరులోని కాగితాలు

ఆంధ్రప్రదేశ్ పద్ధతిని ఒక తల్లి వైపునుంచి చూద్దాం. వేసవిలో మేం కొందరం రిటైరైన ఉపాధ్యాయులం గ్రంథాలయం వరండాలో కూర్చుని దరఖాస్తులు నింపిపెడుతుంటాం. వచ్చే ప్రతి తల్లి చేతిలోనూ జిప్పున్న ప్లాస్టిక్ కవరు ఒకటి ఉంటుంది. అందులో ఆధార్ కార్డులు, బియ్యం కార్డు, పుట్టిన తేదీ పత్రం, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, కరెంటు బిల్లు ఉంటాయి. బలహీన వర్గాల కింద అడిగేవారికి ఆదాయం ఏడాదికి పల్లెల్లో 1,20,000, పట్టణాల్లో 1,44,000 రూపాయలు దాటకూడదు. అయిదేళ్ళు నిండాలి. ఇంటికి కిలోమీటరు లోపు బడులకు మొదటి ప్రాధాన్యం. సీట్లు మిగిలితే మూడు కిలోమీటర్ల దాకా చూస్తారు. అర్హుల జాబితా మీద లాటరీ తీస్తారు.

చిక్కంతా ఆ కిలోమీటరు దగ్గరే. అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా చేరిన కుటుంబం ఆధార్‌లో ఊరి చిరునామాయే ఉంటుంది. అద్దె ఒప్పందం చెల్లుతుందని నిబంధన ఉంది. కానీ ఒక్క గది అద్దెకిచ్చే యజమాని కాగితం రాసివ్వడు, ఇంటి పన్ను పెరుగుతుందని ఆయన భయం. మొన్న వేసవిలో ఒకామె వచ్చింది. భర్త సెంట్రింగ్ పని. వాళ్ళ ఇంటి మేడమీదికెక్కితే బడి గ్రౌండు కనిపిస్తుందట. ఆధార్ ప్రకారం మాత్రం వాళ్ళ ఇల్లు రెండు జిల్లాల అవతల ఉంది. చిరునామా మార్పించుకొని వచ్చేసరికి గడువు దాటింది. ఆమె ఆదాయంలో లోపం లేదు, అర్హతలో లోపం లేదు. ఊళ్ళు మారుతూ బతికే కుటుంబానికి స్థిరమైన చిరునామా ఉంటుందనుకోవడంలోనే లోపం ఉంది.

సీటు వచ్చినవారి సంగతి చూద్దాం. 2023 నాటి ఉత్తర్వులో ఒక్కో బిడ్డకు ఏడాది ఫీజును పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలుగా ఖరారు చేశారు. ఆ డబ్బును తల్లి, పిల్లల చదువుకని ప్రభుత్వం తన ఖాతాలో వేసే అమ్మ ఒడి సొమ్ములోంచి బడికి కట్టాలన్నారు. కట్టకపోతే ప్రభుత్వమే ఆ సొమ్ములోంచి మినహాయించి బడికి ఇస్తుందన్నారు. చట్టం ఏమంది? బడి ఉచితంగా చదివించాలి, ప్రభుత్వం బడికి చెల్లించాలి అంది. ఇక్కడ ప్రభుత్వం తాను కట్టాల్సిన బాకీని తల్లికి వేరే పేరుతో ఇచ్చిన సొమ్ములోంచే తీర్చుకుంది. అటు యాజమాన్యాలు ఆ మొత్తం చాలదని హైకోర్టుకు వెళ్ళాయి. బడికి చాలలేదు, తల్లికి మిగల్లేదు.

నెలల లెక్క

అమ్మ ఒడి పథకాన్ని తక్కువ చేయను. 2020 జనవరిలో మొదలైనప్పుడు ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ 15,000 రూపాయలు ఇచ్చిన పథకం అది. తల్లి పేర బ్యాంకు ఖాతాలో డబ్బు పడటం చాలా ఇళ్ళలో మాటతీరును మార్చింది. కానీ క్యాలెండరు చూడండి. మొదటి విడత 2020 జనవరిలో, రెండోది 2021 జనవరిలో వచ్చాయి. మూడోది 2022 జూన్‌లో, నాలుగోది 2023 జూన్‌లో. 2024లో ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనం అయింది. ఇంటికి ఒక్కరికే అన్న నియమం పోయి, చదువుకునే పిల్లలందరికీ అన్నారు. ఇది మంచి మార్పు. మొదటి చెల్లింపు మాత్రం 2025 జూన్ 12న జరిగింది. 15,000లో బడుల నిర్వహణకు 2,000 తీసి 13,000 ఖాతాల్లో వేశారు. అంటే 2023 జూన్ తర్వాత రెండేళ్ళపాటు తల్లి ఖాతాలో పైసా పడలేదు. బడి ఫీజు మాత్రం టర్ము తప్పకుండా వచ్చింది.

ఆ సందు పూడ్చుకోవడానికి కుటుంబం ఏం చేస్తుంది? జూన్ రెండో వారంలో ఏ పట్నంలోనైనా బంగారం తాకట్టు దుకాణం ముందు నిలబడి చూడండి. చెవి కమ్మలు, కాళ్ళ పట్టీలు తెచ్చినవారిలో సగం మంది పక్కన యూనిఫాం కొలతలకు బయల్దేరిన పిల్లలుంటారు. చీటీ పాట ముందే పాడుకునేవారు కొందరు, రోజువారీ ఫైనాన్సుకు వెళ్ళేవారు కొందరు. ఏడాది ఫీజు మేమే బడికి కట్టేస్తాం, మీరు నెలనెలా వాయిదాలు చెల్లించండి అనే కంపెనీలు ఇప్పుడు బడి ఆవరణలోనే బల్ల వేసుకుంటున్నాయి. వడ్డీ లేదంటారు, ప్రాసెసింగ్ చార్జీ అంటారు. సంతకం పెట్టేముందు మొత్తం కట్టేది ఎంతో, వాయిదా తప్పితే ఎంతో కాగితం మీద రాయించుకోండి.

తెలంగాణలో బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం దారి వేరు. కలెక్టరేట్‌లో లాటరీ తీసి ఎస్సీ, ఎస్టీ పిల్లలను ఎంపికచేసిన ప్రైవేటు బడుల్లో చేర్పిస్తారు. ఇంటి నుంచి వెళ్ళివచ్చేవారికి ఏడాదికి 28,000, హాస్టల్లో ఉండేవారికి 42,000 రూపాయలు ప్రభుత్వం నేరుగా బడికి కడుతుంది. పద్ధతి ప్రకారం ఇది ఉత్తమమైనది. మొత్తం చెప్పుకోదగ్గది, తల్లి చేతి మీదుగా తిరగక్కర్లేదు. అయితే 2025లో బకాయిలు పేరుకుపోయి, దసరా సెలవుల తర్వాత పిల్లల్ని లోపలికి రానివ్వడం లేదంటూ తల్లిదండ్రులు ట్రంకు పెట్టెలతో సహా రోడ్ల మీద ధర్నాకు కూర్చున్నారు. అప్పు ప్రభుత్వానికి, బడికి మధ్య ఉంది. గేటు బయట నిలబడింది మాత్రం అయిదో తరగతి పిల్ల.

ఎవరికి ఎంత

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన పోలిక చేస్తాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి పిల్లల చదువు భత్యం ఉంది. ఇద్దరు పిల్లల వరకు, ఒక్కొక్కరికి నెలకు 2,812 రూపాయల 50 పైసలు, ఏడాదికి 33,750. బడి హెడ్మాస్టరు ఇచ్చే ఒక ధ్రువపత్రం చాలు, కిలోమీటరు లెక్క లేదు, లాటరీ లేదు. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి 80సి కింద లక్షన్నర పరిమితికి లోబడి ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజుకు మినహాయింపు దొరికేది. అక్రెడిటేషన్ ఉన్న విలేకరుల పిల్లలకు సగం ఫీజు తగ్గించమని జిల్లా విద్యాశాఖాధికారులు సర్క్యులర్లు ఇస్తుంటారు. వీటిని తప్పుపట్టను. కానీ నెల జీతం ఉన్న ఇంటి బిడ్డకు 33,750, వాచ్‌మన్ బిడ్డకు 8,000, పైగా అదీ లాటరీ తగిలితేనే. తొమ్మిది, పది తరగతుల ఎస్సీ విద్యార్థికి కేంద్ర ప్రీమెట్రిక్ ఉపకారవేతనం, ఇంటి నుంచి వెళ్ళివస్తే, ఏడాదికి 3,500. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చదివాక సాయం అవసరాన్ని బట్టి పారుతోందని అనలేం.

బడులు స్వయంగా ఇచ్చే రాయితీలూ అంతే. ఏప్రిల్‌లోనే ఏడాది ఫీజంతా కడితే తగ్గింపు అంటారు. అది చేతిలో రొక్కం ఉన్నవాడికి దొరికే తగ్గింపు. టాలెంట్ టెస్టు పెట్టి ర్యాంకర్లకు ఫ్రీ సీటు అంటారు. అది రేపటి ఫ్లెక్సీకి పెట్టుబడి. రెండో బిడ్డకు రాయితీ ఒక్కటే కాస్త అక్కరకొస్తుంది, అదీ అడిగితేనే. అడగడానికి మన తల్లులు మొహమాటపడతారు. మొహమాటం వద్దు, అడగండి. ఒప్పుకున్నదాన్ని రసీదు మీద రాయించుకోండి.

ఫీజు ఒక్కటే ఖర్చు అనుకోవద్దు. ఈమధ్య ఒక తండ్రి చూపించిన చీటీలో ట్యూషన్ ఫీజు కింద పుస్తకాలు, నోటుబుక్కులు, రెండు జతల యూనిఫాం, శనివారానికి తెల్ల జత, బూట్లు, టై, బెల్టు, డైరీ, పరీక్ష ఫీజు, వార్షికోత్సవం, చివర వ్యాను అని ఉంది. ఉచిత సీటు వచ్చిన బిడ్డకు పై వరుస కొట్టేశారు, కింది వరుసలన్నీ అలాగే ఉంచారు. చదువు పూర్తికాకుండా అడ్డుపడే ఏ ఫీజూ, ఏ ఖర్చూ బిడ్డ మీద వేయకూడదని విద్యాహక్కు చట్టం మూడో సెక్షన్ చెబుతోంది. ఆ వాక్యాన్ని ఫీజు కౌంటరు దాకా తీసుకెళ్ళేవారు కావాలి.

ఇంకొకటి. ఈ హక్కు ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. ఒకటిలో ఉచితంగా చేరిన పిల్ల తొమ్మిదికి వచ్చేసరికి అదే బడి, అదే స్నేహితులు, పూర్తి ఫీజు. పదో తరగతి పరీక్షకు రెండేళ్ళ ముందు బడి మారడం ఎంత కష్టమో ఇక్కడున్న ఉపాధ్యాయులకు చెప్పనక్కర్లేదు. సీటు వచ్చిన రోజునే తొమ్మిదో తరగతి కోసం దాచుకోవడం మొదలుపెట్టమని నేను ప్రతి తల్లికీ చెబుతుంటాను. రోజు కూలీ మీద బతికేవారికి ఆ మాట చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు.

సర్కారు బడి మాటేమిటి?

ఈ డబ్బంతా సర్కారు బడికే పెట్టవచ్చు కదా అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దీనికి మన నేల మీదే జరిగిన పరిశోధన కొంత జవాబిస్తుంది. 2008లో మొదలై నాలుగేళ్ళపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయిదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం చేశారు. లాటరీలో గెలిచిన సర్కారు బడి పిల్లలను ఖర్చులిచ్చి ప్రైవేటు బడుల్లో చేర్పించారు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు వర్గాల పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. అయితే ప్రైవేటు బడి ఒక్కో బిడ్డపై పెట్టిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. వదిలివచ్చిన సర్కారు బడి పిల్లలకు, చేరిన బడిలోని పాత పిల్లలకు నష్టమేమీ కనపడలేదు.

దీన్నుంచి నేను తీసుకునే పాఠం ఇది: ప్రైవేటు బోర్డు చూసి పట్టీలు తాకట్టు పెట్టవద్దు. రెండు బడులూ తిరిగి చూడండి. మూడో తరగతి పిల్లవాడితో పాఠం చదివించి వినండి. ఆ తర్వాత కూడా ప్రైవేటు బడే కావాలనుకుంటే, అది చట్టమిచ్చిన హక్కు కాబట్టి నిక్కచ్చిగా అడగండి. ఢిల్లీ బడుల్లో పేద పిల్లలతో కలిసి చదివిన సంపన్నుల పిల్లల్లో ఉదారత పెరిగి, వివక్ష తగ్గిందని గౌతమ్ రావు పరిశోధన తేల్చింది. కాబట్టి పాతిక శాతం సీట్ల లాభం ఆ పాతిక శాతానికే పరిమితం కాదు.

చేయదగ్గ పనులు

నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. మొదటిది, ప్రభుత్వం బడికి చెల్లించే మొత్తంలో సగమైనా బడి తెరవకముందే చేరాలి. బడ్జెట్ ఏడాది ఏప్రిల్ 1న మొదలవుతుంది, బడి జూన్ 12న తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న పది వారాలు చాలు. రెండోది, ఏ పథకం కింద చేరిన బిడ్డనైనా ప్రభుత్వ బకాయి కారణంగా తరగతి నుంచి, పరీక్ష నుంచి, హాస్టల్ నుంచి ఆపకూడదని స్పష్టమైన ఉత్తర్వు ఉండాలి. ఆలస్యానికి వడ్డీ కోరే హక్కు బడికి ఇవ్వండి, బిడ్డను ఆపే హక్కు ఇవ్వకండి. మూడోది, చిరునామాకు ఆధార్ ఒక్కటే ఆధారం కాకుండా అంగన్‌వాడీ కార్యకర్త ఇచ్చే నివాస ధ్రువీకరణ కూడా చెల్లాలి. ఆ వీధిలో ఏ పసివాడు ఏ ఇంట్లో ఉంటాడో ఆమెకన్నా బాగా తెలిసినవారు లేరు.

నాలుగోది ఈ ధర్మనిధి నిర్వాహకులకు నా విన్నపం. మీ నిధితో ఏటా కొందరు పిల్లలకు బహుమతులు ఇస్తున్నారు, సంతోషం. అందులో కొంత సొమ్మును చేబదులు నిధిగా మార్చండి. సర్కారు సొమ్ము రావలసి ఉన్న కుటుంబానికి జూన్‌లో పుస్తకాలకు, యూనిఫాంకు వడ్డీ లేకుండా ఇచ్చి, సొమ్ము వచ్చాక తిరిగి తీసుకోండి. అలా అదే రూపాయి మరుసటేడు ఇంకో ఇంటికి వెళుతుంది. పేర్లు బయట పెట్టకండి, వేదిక మీదికి పిలవకండి, ఫొటోలు తీయకండి. మాస్టారు ఆ పుస్తకాన్ని సొరుగులో ఎందుకు పెట్టుకున్నారో మీకు నేను వివరించనక్కర్లేదు. దరఖాస్తులు నింపడానికి వచ్చే వేసవిలో మాకు ఇంకో పదిమంది కావాలి. ఆధార్ చిరునామాల పని ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి. రాగలవారు సభ ముగిశాక పేర్లు ఇచ్చి వెళ్ళండి.